వంతెన ఉన్నది దాటడానికి కాదు

వంతెన ఉన్నది దాటడానికే అనుకునేవాళ్ళు ఈ రోజుల్లో కూడా ఉన్నారంటే నమ్ముతారా? ఉన్నారు. మా ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళని చూస్తే నాకు కోపం కూడా రాదు, జాలేస్తుంది. కుర్చీ కూర్చోవడానికి, గొడుగు వానకి, వంతెన దాటడానికి! అంతకుమించి ఒక్క అడుగు ముందుకెయ్యని బుర్రలు. ఇలాంటివాళ్ళ చేతుల్లో పడితే చరిత్ర గతేం కావాలి?

అందుకే అంటాను, ప్రతి ఊరికీ ఒక వారసత్వ పరిరక్షణ కమిటీ ఉండాలి. మీ ఊరికి లేదా? అయ్యో పాపం. అయితే మీ ఊళ్ళో వంతెనల మీద బళ్ళు తిరుగుతూ ఉంటాయన్నమాట.

మా ఊరు ఈస్ట్ కోర్బిన్, అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం. మా వెర్మాంట్‌లో ఊరికొక నది, నదికొక పైకప్పు వేసిన వంతెన మామూలే. మాది బ్లాక్ ఆల్డర్ నది. ఇవతలి ఒడ్డున చర్చి, పోస్టాఫీసు, అంగడి, మర్యాదస్తులు. అవతలి ఒడ్డున ఒక కొండ, మేపుల్ చెట్లు, పదకొండు ఇళ్ళు. రెంటికీ మధ్య నూటపాతిక అడుగుల చెక్క వంతెన. దాన్ని పునర్నిర్మించి నిరుడు అక్టోబరులో ప్రారంభోత్సవం చేశాం. చేశాం అన్నాను, గమనించారా? వంతెన కమిటీకి కార్యదర్శిని నేనే. మినిట్స్ పుస్తకం నా చేతిలోనే ఉంటుంది.

ఇప్పుడు మా వంతెన మీద ఏ బండీ పోదు. రెండు చివర్లా ఇనప గొలుసులు కట్టాం. నడవదలచినవాళ్ళు శనివారం పదింటి నుంచి పన్నెండు లోపల రావచ్చు. బూట్ల మీద గుడ్డ తొడుగులు వేసుకోవాలి. గోడలు ముట్టుకోకూడదు. గట్టిగా తుమ్మకూడదని కూడా ప్రతిపాదన వచ్చింది గాని, అది ఇంకా పరిశీలనలో ఉంది.

పక్క ఊరివాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. వాళ్ళకున్నది కాంక్రీటు బ్రిడ్జి. దాని మీద రోజుకి మూడొందల బళ్ళు పోతాయి. ఒక్కడైనా దిగి దాని ఫోటో తీసుకున్నాడా? మాదాని ఫోటో క్యాలెండర్ల మీద ఉంది, కాఫీ కప్పుల మీద ఉంది, ఒక పెద్దమనిషి స్నానాల గది పరదా మీద కూడా ఉంది. దేనికి గౌరవం ఎక్కువో మీరే చెప్పండి.

ఈ వంతెన చరిత్ర చెబితే మీకు కళ్ళు తెరుచుకుంటాయి. మొదట్లో ఇక్కడ కప్పులేని వంతెనలు మూడు కట్టారు. వానకి తడిసి, మంచుకి నాని, ఒక్కొక్కటీ పదిహేనేళ్ళు తిరక్కుండా కుళ్ళి నదిలో పడ్డాయి. 1851లో జాబెజ్ ఓర్కట్ అనే వడ్రంగి వచ్చాడు. ఇంటికి వేసినట్టే వంతెనకీ కప్పు వేసి, పక్కలకి పలకలు కొట్టి, ఇనప చీల అన్నది ముట్టకుండా ఓకు చెక్క చీలలతో బిగించిపోయాడు. కప్పు ప్రేమికుల కోసమని, గుర్రాలు నీళ్ళు చూసి బెదరకుండా ఉండాలని రకరకాలుగా చెప్పుకుంటారు గాని, అసలు సంగతి అంతే. కింద నేల పొడిగా ఉండాలి, పై నుంచి బళ్ళు పోవాలి. వడ్రంగి బుద్ధి! అంతకన్నా ఉన్నతంగా ఆలోచిస్తాడా?

ఆ తర్వాత 1927 వరద. ఆ రోజు ఊళ్ళో జనం చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నీళ్ళు నేల చెక్కల్ని తాకుతున్నాయి. వంతెన తేలిపోతుందని భయపడి ఆడా మగా అందరూ వరసకట్టి బండరాళ్ళు మోసుకొచ్చి దాని నిండా నింపారు. పెక్ అనే ఒక మేపుల్ రైతు నడుముకి తాడు కట్టుకుని దిగి, నీళ్ళు పక్కలకి పోవడానికి గోడల పలకలు గొడ్డలితో ఊడగొట్టాడు. వారసత్వ సంపద మీద గొడ్డలి! ఒక్క ఫోటో అయినా తీశారా? లేదు. ఎందుకంత తాపత్రయం అంటే, వాళ్ళ ఆవులు అవతల ఉన్నాయి, పాలు ఇవతలికి రావాలి. అంతా స్వార్థం. వంతెన నిలిచింది, అది వేరే సంగతి.

అదే నాలుగేళ్ళ కిందట మార్చిలో ఏం జరిగిందో చూడండి. నదిలో మంచుగడ్డ పగిలి, పెళ్ళలు పెళ్ళలుగా వచ్చి వంతెన కాళ్ళ దగ్గర పోగుపడింది. వంతెన మూలిగింది. మేము ఎంత నాగరికంగా ప్రవర్తించామనుకున్నారు! ఒడ్డున వరసగా నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకున్నాం. ఒక్కరు కూడా తోసుకోలేదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడని సామెత ఉంది గాని, మాకు నిప్పు కూడా అక్కర్లేదు, వెలుతురు బాగుంటే చాలు. రెండు గంటలకి వంతెన నదిలోకి కూలిపోయింది. నా దగ్గర నాలుగు మంచి ఫోటోలు ఉన్నాయి.

తర్వాత కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు ఎలియట్ థార్న్‌డైక్ గారు. బోస్టన్‌లో పెద్ద పెద్ద భవనాలకి నమూనాలు గీసి, విశ్రాంతిగా ఉందామని తొమ్మిదేళ్ళ కింద మా ఊరు వచ్చినవారు. వేసవైనా సరే మెడలో తెల్లటి ఉన్ని కండువా ఉంటుంది. ఆయనతో కలిపి మేము అయిదుగురం, అందరం ఇవతలి ఒడ్డువాళ్ళమే. అవతలివాళ్ళు రావాలంటే కాంక్రీటు బ్రిడ్జి మీదుగా పదకొండు మైళ్ళు చుట్టు తిరగాలి. పాపం ఎందుకు శ్రమ అని మేమే పిలవలేదు.

కమిటీ ఎంత కష్టపడిందో ఎవరికి తెలుసు? వంతెన ముఖానికి, అంటే ద్వారం ఉన్న గోడకి, ఏ ఎరుపు వెయ్యాలన్న దాని మీదే పద్నాలుగు నెలలు చర్చించాం. పంతొమ్మిది రకాల ఎరుపులు తెప్పించాం. పాత కొట్టం ఎరుపు, ఎండిన ఆపిల్ ఎరుపు, సిగ్గుపడిన ఎరుపు. ఓకు చీలల్ని చేత్తో చెక్కేవాడి కోసం మూడు రాష్ట్రాలు గాలించాం. ఇవన్నీ కాక పెద్ద ప్రశ్న ఒకటి మిగిలింది. నూటడెబ్బై ఏళ్ళ వంతెనని ఏ ఏటి వంతెనలా కట్టాలి? 1851 అని తేల్చాం. 1851లో మోటారు బండి లేదు. కనుక మా వంతెన మీద మోటారు బండి ఉండరాదు. తర్కం చూశారా, ఎంత నున్నగా ఉందో!

ఇంత మహత్కార్యానికి అడ్డుపడిన మనిషి ఒకే ఒక్కరు. లొవీనా పెక్.

అవును, ఆ గొడ్డలి పెక్ మనవరాలే. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. అవతలి కొండ మీద తొమ్మిదొందల మేపుల్ చెట్లు, మేజర్, డాలీ అని రెండు గుర్రాలు, అవే ఆవిడ సంసారం. ఫిబ్రవరి ఆఖర్లో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులొస్తే చెట్లకి బకెట్లు తగిలిస్తుంది. చెట్టు నుంచి తీపి నీరు బొట్టు బొట్టుగా కారుతుంది. దాన్ని ఆ రోజుకారోజు కాచి పాకం చెయ్యాలి. నిలవుంటే పులిసిపోతుంది. కాచే కొట్టం మాత్రం ఇవతలి ఒడ్డున ఉంది. వెనకటికి ఇక్కడ రంపపు మిల్లుండేది, కట్టెలు దగ్గరని వాళ్ళ తాత ఇక్కడే కట్టాడు. ముందుచూపు లేని మనిషి! నూరేళ్ళ తర్వాత కమిటీ వస్తుందని ఊహించవద్దూ?

వంతెన ఉన్నప్పుడు కొండ నుంచి కొట్టానికి అయిదు నిమిషాలు. ఇప్పుడు పదకొండు మైళ్ళు, అందులో నాలుగు మైళ్ళు మట్టి దారి. మార్చిలో మా మట్టి దారి సంగతి తెలిసిందే, ట్రక్కు ఇరుసు దాకా దిగబడుతుంది. మూడు వసంతాలుగా ఆవిడ తెచ్చిన నీరు సగానికి సగం దారిలోనే పులిసిపోతే పారబోసింది.

నిరుడు ఒకనాడు అంగట్లో నేనుండగానే ఆవిడ రాయ్ బుషీతో మాట్లాడింది. రాయ్ మా ఊరి రోడ్ల మేస్త్రీ. వచ్చే నాలుగో వసంతం కూడా ఇలాగే పోతే ఏప్రిల్లో కలప వ్యాపారిని రమ్మంటానని, చెట్లకి గుర్తులు వేసుకుపొమ్మంటానని చెప్పింది. ఏడవలేదు, తిట్టలేదు. ఉల్లిపాయలు ఏరుకుంటూ చెప్పింది. రాయ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. నేను మాత్రం, చెట్లు పోతే కొండ మీద నుంచి వంతెన ఇంకా బాగా కనబడుతుంది గదా అనుకున్నాను. కార్యదర్శి అన్నవాడు అన్ని కోణాల్లోనూ ఆలోచించాలి.

అంతకు ముందు, నిరుడు మార్చి మొదటి మంగళవారం ఊరి సభ జరిగింది. మా దగ్గర ఊరి పని ఏదైనా ఆ సభలో చేతులెత్తి తేల్చాల్సిందే. వంతెనని 1851లో ఎలా ఉందో అన్ని విషయాల్లోనూ అలాగే పునరుద్ధరించాలని థార్న్‌డైక్ గారు తీర్మానం పెట్టారు. వెనక వరసలో మేజోడు అల్లుకుంటున్న లొవీనా పెక్ సూదులు ఒళ్ళో పెట్టుకుని లేచింది.

"అన్ని విషయాల్లోనూ అంటే, అప్పటి నియమాలు కూడానాండీ?"

థార్న్‌డైక్ గారి ముఖం విప్పారింది. "నియమాలు కూడా, మిస్ పెక్. చరిత్రని సగం తెచ్చి సగం వదిలెయ్యలేం గదా."

"అయితే ఆ మాట కూడా రాయించండి. లేకపోతే తర్వాత ఎవరైనా కాదంటారు."

రాయించారు. రాసింది నేనే. చేతులన్నీ లేచాయి. సభ అయ్యాక థార్న్‌డైక్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, అమాయకుల్లో కూడా చరిత్ర స్పృహ కలిగించగలిగామని మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను.

ఊరి గుమాస్తా బీరువా అడుగున 1851 నాటి నియమాల పుస్తకం దొరికింది. ఏడు నియమాలు. గొలుసుకట్టు రాత, ఎలక కొరికిన అంచులు. నేనే కూర్చుని ఎత్తి రాశాను. పెద్ద చెక్క బోర్డు మీద ముచ్చటైన అక్షరాలతో రాయించి ఇవతలి ముఖం పక్కన తగిలించాం. గుర్రాలను నడకనే తోలవలెను, తప్పిన డాలరు జరిమానా అన్న మొదటి నియమం చదివి అందరూ ముచ్చటపడ్డారు. దాని కింద నిలబడి ఫోటోలు దిగారు. రెండో నియమం దాకా చదివినవాళ్ళు నాకు తెలిసి లేరు. ఎత్తి రాసిన నేను కూడా అక్షరాలు చూశాను గాని అర్థం చూడలేదు.

లొవీనా పెక్ చూసింది.

ఈ ఫిబ్రవరి ఆఖరి వారంలో కమిటీకి ఒక కార్డు వచ్చింది. మంగళవారం ఉదయం తొమ్మిదింటికి తీపి నీటి తొట్టితో స్లెడ్జి బండి కట్టుకుని వంతెన దగ్గరికి వస్తున్నానని, నాలుగో నియమం ప్రకారం ఏర్పాట్లు చెయ్యగలరని. అంతే.

అయిదుగురం వెళ్ళాం. రాయ్ బుషీ తన ట్రక్కుకి ఆనుకుని కాఫీ తాగుతున్నాడు. వంతెన అవతలి చివర రెండు గుర్రాలు ముక్కుల్లోంచి ఆవిర్లు వదులుతూ నిలబడి ఉన్నాయి. లొవీనా పెక్ బండి దిగి గొలుసు దాటి, వంతెన మీదుగా నడిచి మా దగ్గరికి వచ్చింది. మంగళవారం నాడు! బూట్లకి తొడుగులు లేకుండా! నేను వెంటనే రాసుకున్నాను.

థార్న్‌డైక్ గారు కళ్ళద్దాలు సర్దుకుని బోర్డు మీది నాలుగో నియమం పైకి చదివారు. "మంచు నిలిచిన నాటి నుండి నదిలో గడ్డ కరుగు వరకు, వంతెన నేలపై ఈ కొన నుండి ఆ కొన వరకు జానెడు మందమున మంచు పరచి ఉంచవలెను. సరుకు బండ్లకు ఆటంకము కలుగరాదు. అట్లు పరచనిచో, ఆగిన బండిలోని సరుకును అవతలకు మోయు బాధ్యత వంతెన సంరక్షకులదే."

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ ఒకసారి చదివారు.

మీకు విడ్డూరంగా ఉందేమో గాని, మా తాతల కాలంలో ఇది ఏటా జరిగే పనే. స్లెడ్జికి చక్రాలుండవు, మంచు మీద జారుతుంది. కప్పు కింద మంచు పడదు. వట్టి చెక్క మీద బండి కదలదు. అందుకని మంచు పడకుండా కప్పు వేసిన వంతెనలోకే మళ్ళీ మనుషులు మంచు మోసుకొచ్చి పరిచేవాళ్ళు.

థార్న్‌డైక్ గారు వీలైనంత మృదువుగా చెప్పారు. "మిస్ పెక్, ఈ కప్పు వేసిందే లోపలికి మంచు రాకూడదని."

"అవునండీ. అందుకే పారలు కావాలి."

ఆయన దీన్ని వచ్చే కమిటీ సమావేశంలో చర్చకి పెడతానన్నారు. ఆవిడ సరేనంది. చర్చించండి, నేను కాదనను అంది. ఈలోగా తొట్టిలో రెండొందల గాలన్లున్నాయని, బకెట్లు బండి వెనక ఉన్నాయని, మధ్యాహ్నంలోగా కొట్టానికి చేరిస్తే పులియదని చెప్పింది. ముందుకి పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి! థార్న్‌డైక్ గారు మా వైపు చూశారు. మేము బోర్డు వైపు చూశాం. బోర్డు కింద కమిటీ సభ్యుల పేర్లు కూడా మేమే చెక్కించుకున్నాం, వంతెన సంరక్షకులు అని, బంగారు రంగులో.

రాయ్ ట్రక్కు వెనక తలుపు తెరిచాడు. లోపల అయిదు పారలున్నాయి. "ఊరి పారలేనండీ. సంతకం పెట్టి తీసుకోండి."

ఇంతకాలం పార అంటే బొమ్మల్లో తప్ప ఎరగని చేతులు మావి. పది పారలు ఎత్తేసరికి నడుం పట్టేసింది. ఇరవైకి చేతులు బొబ్బలెక్కాయి. థార్న్‌డైక్ గారి తెల్ల కండువా ఎప్పుడు జారిపోయిందో గాని, నేను పరిచిన మంచు కింద పడి ఉంటుంది. పర్యాటకులు ఇద్దరు కారు ఆపి ఫోటోలు తీశారు. కమిటీ ఏర్పడ్డాక వంతెన మీద ఏదో పని జరుగుతున్నట్టు కనబడిన ఫోటోలు అవేనని రాయ్ తర్వాత అంగట్లో అన్నాడట. కుళ్ళుబోతు మాట, పట్టించుకోనక్కర్లేదు.

పరుచుకుంటూ పరుచుకుంటూ నేను అవతలి చివరికి వచ్చాను. నిజం చెప్పాలి. నాలుగేళ్ళుగా ఈ వంతెన గురించి మూడు మినిట్స్ పుస్తకాలు నింపాను. అవతలికి వెళ్ళడం అదే మొదటిసారి.

గొలుసు దాటి, వెనక్కి తిరిగి, వంతెన అవతలి ముఖం చూశాను. రంగు లేదు.

ఒక్క పూత కూడా లేదు. పచ్చి చెక్క అలాగే ఉంది. వానకి అప్పుడే నల్లని చారలు దిగుతున్నాయి, ఒక మూల నాచు పట్టింది. ఇవతలి ముఖానికి పంతొమ్మిది ఎరుపుల్లోంచి ఏరి మూడు పూతలు వేయించాం. ఫోటోలన్నీ ఇవతలి నుంచే తీస్తారు గదా. మినిట్స్ పుస్తకంలో మాత్రం రెండు ముఖాలకీ రంగు పూర్తయినది అని ఉంది. ఇవతలి ఒడ్డున కూర్చుని రాసింది నేనే.

లొవీనా పెక్ బండెక్కి పగ్గాలు పట్టుకుని ఉంది.

"ఇటు రంగు వెయ్యలేదే," అన్నాను.

"లేదండీ."

"అక్టోబరు నుంచీ ఇలాగే ఉందా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పాలంటే పదకొండు మైళ్ళు రావాలి గదండీ," అంది ఆవిడ. రెండు చివర్లా గొలుసులు విప్పించాక గుర్రాలని అదిలించింది. మేజర్, డాలీ మొదటి నియమం ప్రకారం నడకనే వెళ్ళాయి. తొట్టి తొణకలేదు. మధ్యాహ్నానికి కొట్టం పొగగొట్టంలోంచి తియ్యటి ఆవిరి లేచింది. నాలుగేళ్ళుగా ఊళ్ళోకి ఆ వాసన సరిగ్గా రాలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ వారం కమిటీ సమావేశంలో నేను ఒక చిన్న విన్నపం చేశాను. అవతలి ముఖానికి కూడా రంగు వేయిస్తే బాగుంటుందని. థార్న్‌డైక్ గారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

"అటువైపు ఎవరు చూస్తారండీ?"

ఆ మాట మినిట్స్‌లో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఏది రాయాలో ఏది వదలాలో నాకు నాలుగేళ్ళలో మొదటిసారి సందేహం రాలేదు.

ఈ మార్చి మొదటి మంగళవారం మళ్ళీ ఊరి సభ. అన్ని విషయాల్లోనూ అన్న మాట తీసేసి వీలైన విషయాల్లో అని మార్చాలని థార్న్‌డైక్ గారు తీర్మానం పెట్టారు. వెనక వరసలో లొవీనా పెక్ తల ఎత్తలేదు, మేజోడు మడమ దగ్గరికి వచ్చినట్టుంది. అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తమన్నారు. సభ మొత్తం మీద లేచినవి నాలుగు చేతులే, అన్నీ అయిదుగురు సభ్యుల కమిటీవే. అయిదో చెయ్యి బొబ్బలెక్కి ఉంది, పైకి లేవలేదు. తీర్మానం వీగిపోయింది.

కాబట్టి పాఠకులారా, కమిటీల గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నమ్మకండి. కమిటీ లేకపోతే వంతెన లోపలికి మంచు ఎవరు మోస్తారు? కలప వ్యాపారికి రావద్దని లొవీనా పెక్ కార్డు రాసిందని పోస్టాఫీసులో విన్నాను. అదీ కమిటీ ఘనతే అని రాద్దామని కలం తీశాను గాని, వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఇక ఆపుతాను. రేపు పార పట్టే వంతు నాది, గుర్రాలు తొమ్మిదింటికల్లా వస్తాయి.